బట్టలుతుకు యంత్రము నడుమ ఆగినచో

మన గ్రామములలో ఒకప్పుడు బట్టలుతుకుట చెరువుగట్టునను, వాగు ఒడ్డునను, బావి చప్టా మీదను జరుగుచుండెడిది. నేడు పెక్కు ఇండ్లలో ఆ పనిని విద్యుచ్ఛక్తితో నడచు యంత్రము చేయుచున్నది. దీనినే వాడుకలో వాషింగ్ మెషిన్ అందురు. పొలము పనికి పోవు స్త్రీకి ఎంతో శ్రమను తగ్గించు ఈ యంత్రమును అనేక కుటుంబములు వాయిదాల మీద కొనుచున్నవి. కాని యంత్రమును కొనుట వేరు, దానిని నమ్ముకొనుట వేరు. సగము ఉతికిన బట్టలు నీటిలో మునిగి యుండగా యంత్రము కదలక నిలిచిపోయినచో ఇంటివారికి దిక్కు తోచదు.

ఒక ఇంటి సంగతి తలచుకొందము. ఆ ఊరిలో ఉదయము 6 గంటలకు కుళాయిలకు నీరు వదలుదురు. 7 గంటలకు కట్టివేయుదురు. గృహిణి 6 గంటల 20 నిమిషములకు యంత్రములో బట్టలు వేసి మీట నొక్కినది. తొట్టి నిండినది, ఉతుకుట ముగిసినది, మురికి నీరు బయటకు పోయినది. జాడించుటకై మరల నీరు పట్టవలసిన వేళకు కుళాయి ఆగినది. యంత్రము కొంతసేపు వేచియుండి, కూతపెట్టి, నిలిచిపోయినది. మరునాడును అంతే జరిగినది. యంత్రము చెడిపోయినదని తలచి పట్టణము నుండి మెకానిక్కును పిలిపించిరి. అతడు మధ్యాహ్నము వచ్చి, బకెట్టుతో నీరు పోసి నడిపి చూడగా యంత్రము చక్కగా తిరిగినది. రాకపోకల ఖర్చును, కూలిని పుచ్చుకొని అతడు వెళ్ళిపోయెను. మూడవనాడు ఉదయము యంత్రము మరల ఆగెను.

ఇచ్చట చెడినది యంత్రము కాదు. అది తనకు కావలసిన నీటికొరకు ఎదురుచూచినది. నడుమ ఆగిన యంత్రములలో పెక్కింటి సంగతి ఇట్టిదే. నీరు, విద్యుత్తు, మురుగునీరు పోవు దారి, సమానముగా పరచిన బట్టలు, సరిగా మూసిన మూత అను ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లోపించినను యంత్రము నిలిచిపోవును. వీనిలో చివరి రెండును ఇంటివారి చేతిలో నున్నవి. మొదటి మూడును చాలవరకు ఊరి ఏర్పాట్లపై ఆధారపడి యున్నవి. కావుననే ఈ విషయము పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

యంత్రము పనిచేయు విధము

ఇంటి పనిలో వలెనే యంత్రములో కూడ ఉతుకుట, జాడించుట, పిండుట అని మూడు దశలు కలవు. మీట నొక్కగానే నీటి గొట్టము చివరనున్న కవాటము తెరచుకొనును. తొట్టిలో నీరు పెరిగినకొలది ఒక సన్నని గొట్టములోని గాలి నొక్కబడి, నీటిమట్టము ఎంత వచ్చినదో యంత్రమునకు తెలియజేయును. మట్టము చేరిన తరువాతనే మోటారు తిరుగును. ఉతుకుట ముగియగానే మురికి నీరు బయటకు పోవును. నీరు పోయినదని తెలిసిన పిదపనే తరువాతి దశ మొదలగును. పిండునపుడు బట్టలు ఒక ప్రక్కకు ఒరిగి తొట్టి ఊగినచో యంత్రము వేగమును తగ్గించును. మూత తెరచియున్నచో అసలు పిండదు.

అనగా, ఒక మెట్టు పూర్తియైనట్లు రుజువు దొరకనిదే యంత్రము తరువాతి మెట్టు ఎక్కదు. నిర్ణీత కాలము వేచి చూచి, అప్పటికిని రుజువు దొరకనిచో ఆగిపోవును. నీరు లేని తొట్టిలో బట్టలు చినగకుండుటకును, మోటారు కాలకుండుటకును, ఇంటిలో నీరు పొర్లకుండుటకును ఈ ఏర్పాటు చేయబడినది. కావున ఆగుట అన్నివేళల రోగము కాదు. పలుమారు అది హెచ్చరిక మాత్రమే.

మొదట చూడవలసినవి

యంత్రము ఆగినంతనే మీటలన్నియు వరుసగా నొక్కుట వలన ప్రయోజనము లేదు. ఏ దశలో ఆగినదో మొదట గమనింపవలెను. తొట్టిలో నీరు లేక ఆగినదా, నీరు నిలిచి ఆగినదా, పిండుచు ఆగినదా, దీపములన్నియు ఆరిపోయి ఆగినదా అను నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో కారణము సగము తెలిసినట్లే. పెక్కు యంత్రములు కొన్ని అక్షరములను కూడ చూపును. ఈ గుర్తులు కంపెనీని బట్టి మారును. కొన్నిటిలో ‘ఐ.ఇ.’ యనిన నీరు రాలేదనియు, ‘ఓ.ఇ.’ యనిన నీరు పోలేదనియు, ‘యు.ఇ.’ యనిన బట్టలు ఒక ప్రక్కకు ఒరిగినవనియు అర్థము. యంత్రముతో ఇచ్చిన చిన్న పుస్తకమును పారవేయక గోడకు తగిలించుకొనుట మంచిది.

తరువాత చేయి పెట్టుటకు ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గును ఊడదీయవలెను. ఈ నియమమునకు మినహాయింపు లేదు. తడి చేతులతో ప్లగ్గును ముట్టరాదు. యంత్రము వెనుక పలకను ఇంటివారు విప్పరాదు. లోపలి కెపాసిటరు అను భాగములో, ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు విద్యుత్తు నిలిచియుండవచ్చును. కొన్ని నిమిషముల తరువాత ప్లగ్గును మరల పెట్టి నడిపినచో, తాత్కాలికమైన చిక్కు మాత్రమే యైనపుడు యంత్రము సాగిపోవును.

నీరు రానిచో

కుళాయి తిప్పియున్నదో లేదో, గొట్టము మడతపడినదో లేదో మొదట చూడవలెను. తరువాత కుళాయిని కట్టి, యంత్రమునకు బిగించిన గొట్టపు మరను విప్పినచో, లోపల చిన్న జల్లెడ కనిపించును. పైపులైను మరమ్మతు జరిగిన తరువాత ఇసుక, తుప్పు, మట్టి కొట్టుకొనివచ్చి దీనికి అడ్డుపడును. పాత పండ్ల బ్రష్షుతో కడిగి మరల అమర్చిన చాలును. అయిదు నిమిషముల ఈ పనికి తోడు దొరకని ఇంటివారు మెకానిక్కునకై దినములకొలది ఎదురుచూచుచుందురు.

జల్లెడ శుభ్రముగా ఉన్నను నీరు మందముగా వచ్చుచున్నచో ఒత్తిడి చాలదని తెలిసికొనవలెను. సాధారణముగా ఈ యంత్రములకు సుమారు 0.3 బార్ ఒత్తిడి కావలెను. ఇది 3 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడికి సమానము. ఒక అంతస్తు మిద్దె మీద పెట్టిన తొట్టి అడుగు నేలకు సుమారు 3 మీటర్ల ఎత్తున ఉండును. యంత్రపు గొట్టము నేలకు 1 మీటరు ఎత్తున ఉండును. మిగిలిన ఎత్తు 2 మీటర్లు మాత్రమే. ఈ లెక్క తెలియక యంత్రమును నిందించుట తగదు. తొట్టిని దిమ్మె కట్టి మరికొంత ఎత్తున పెట్టుటయో, తక్కువ ఒత్తిడికి తగిన కవాటము గల యంత్రమును కొనుటయో మార్గము.

దీనిని పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. గొట్టమును యంత్రము నుండి విప్పి 15 లీటర్ల బకెట్టులో పెట్టి, నిండుటకు ఎంత కాలము పట్టునో చూడవలెను. 5 నిమిషములు పట్టినచో నిమిషమునకు 3 లీటర్లు వచ్చుచున్నవి. 45 లీటర్లు కావలసిన తొట్టి నిండుటకు 15 నిమిషములు పట్టును. ఇంకను ఆలస్యమైన యెడల యంత్రపు ఓర్పు నశించును.

నీరు పోనిచో

నీరు తొట్టిలోనే నిలిచియుండిన యెడల బయటకు పోవు గొట్టమును చూడవలెను. అది మడతపడినదేమో, దాని కొన మురుగులో మునిగియున్నదేమో గమనింపవలెను. ముందు వైపు తలుపు గల యంత్రములు మోటారుతో నీటిని పైకెత్తి పంపును. వీని గొట్టపు కొనను కంపెనీవారు చెప్పిన ఎత్తునకు తగిలింపవలెను. నేల మీద పడవేసినచో వచ్చిన నీరు వచ్చినట్లే జారిపోయి, తొట్టి ఎన్నటికిని నిండదు. పై మూత గల కొన్ని యంత్రములలో ఇట్టి మోటారు ఉండదు. నీరు తన బరువుచేతనే పోవును. వీని గొట్టమును గడప దాటించుటకు పైకెత్తిన యెడల నీరు కదలదు. మన యంత్రము ఈ రెండింటిలో ఏ తరగతికి చెందినదో తెలిసికొనుట అవసరము.

ముందు తలుపు యంత్రములలో క్రింది మూలనున్న చిన్న మూత వెనుక ఒక వడపోత యుండును. జేబులో మరచిన నాణెములు, పిన్నీసులు, బొత్తాములు, దారపు ఉండలు అచ్చట చేరును. దీనిని తీయుటకు ముందు వెడల్పైన పళ్ళెమును ఉంచి, అచ్చటి సన్నగొట్టము ద్వారా నీటిని కొంచెము కొంచెముగా దించవలెను. వేడినీటితో ఉతికినచో ఆ నీరు చల్లారువరకు ఆగవలెను. నెలకొకమారు ఈ వడపోతను కడుగుట అలవాటు చేసికొన్నచో ఈ బాధ చాలవరకు తప్పును.

నురుగు కూడ అడ్డంకియే. చేతితో ఉతుకుటకు తయారైన సబ్బుపొడి ఎక్కువ నురుగు నిచ్చును. అట్టి నురుగును యంత్రము బయటకు నెట్టలేక నిలిచిపోవును. మన బోరు నీరు పలుచోట్ల కఠినజలమగుటచే సబ్బు కరగలేదని మరికొంత పొడి పోయుట వాడుక. యంత్రమునకు తగిన పొడిని కొలతతో వాడుటయే మేలు.

పిండునపుడు ఆగినచో

ఒక్క బరువైన దుప్పటియో, బొంతయో ఒంటరిగా వేసినచో అది నీరు త్రాగి ముద్దయై ఒక ప్రక్కకు చేరును. యంత్రము రెండు మూడు మారులు సర్దుకొనుటకు ప్రయత్నించి ఆగును. తలుపు తెరచి బట్టలను చేతితో పరచవలెను. దుప్పటికి తోడుగా రెండు తువ్వాళ్ళు వేసినను సమతూకము వచ్చును. యంత్రపు నాలుగు కాళ్ళును నేలను సమముగా తాకవలెను. ఎగుడుదిగుడు నాపరాళ్ళ మీద పెట్టినచో కాళ్ళ మరలను త్రిప్పి సరిచేయవలెను. ఇటుక ముక్కలను క్రింద దోపుట ప్రమాదకరము.

మూత సరిగా పడనిచో కూడ పిండుట జరుగదు. ముందు తలుపు యంత్రములలో తలుపు తాళము యంత్రము ఆగిన ఒకటి రెండు నిమిషముల తరువాత గాని తెరచుకొనదు. తొందరపడి లాగినచో పిడి విరుగును. రెండు తొట్లుగల చిన్న యంత్రములలో పిండు తొట్టి తిరుగనిచో, మూత క్రింది స్విచ్చియు, బుట్టకును తొట్టికిని నడుమ జారిపడిన చిన్న గుడ్డపీలికయు తరచుగా కారణములు.

విద్యుత్తు లోపములు

మన ఇండ్లకు 230 వోల్టుల విద్యుత్తు రావలెను. ట్రాన్స్‌ఫార్మరుకు దూరముగానున్న వీధి చివరి ఇండ్లలో, అందరును వాడు వేళలలో, ఇది తగ్గుట కలదు. వోల్టేజి 180కి దిగినచో సాధారణ మోటారు బలము అయిదింట మూడు వంతులకు పడిపోవును. తడి బట్టల బరువును లాగలేక అది మూలుగును, వేడెక్కును. మోటారులోని రక్షణ స్విచ్చి అప్పుడు దానిని ఆపివేయును. చల్లారిన తరువాత మరల నడువనిచ్చును. అరగంట తరువాత దానంతట అదే బాగుపడిన యంత్రమును చూచినపుడు ఈ కారణమును అనుమానింపవలెను.

నీటిని వేడిచేయు యంత్రములకు సుమారు 2000 వాట్లు కావలెను. అనగా దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు గూటికిగాని, సన్నని తీగతో లాగిన పొడిగింపు బోర్డుకుగాని దీనిని తగిలింపరాదు. 16 ఆంపియర్ల గూడు, సరియైన ఎర్తింగు తప్పనిసరి.

నీరు వేడెక్కు వేళకు ఇంటి రక్షణ స్విచ్చి పడిపోయినచో, వేడిచేయు కడ్డీలో విద్యుత్తు కారుచున్నదని భావింపవలెను. స్విచ్చి మాటిమాటికి పడుచున్నదని దానిని తొలగించి తీగలు కలుపుట ప్రాణముతో చెలగాటము. యంత్రమును ముట్టినపుడు చేతికి జివ్వుమనినను వాడకమును వెంటనే ఆపవలెను. తడినేల మీద, చెప్పులు లేక, తడి చేతులతో చేయు పని ఇది. బట్టలు మరునాడు ఉతుకవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.

మెకానిక్కును ఎప్పుడు పిలువవలెను

పై పరీక్షలన్నియు చేసినను ఫలితము లేనపుడు, కాలిన వాసన వచ్చినపుడు, మోటారు మూలుగుచు తిరుగనపుడు, అడుగు నుండి నీరు కారునపుడు, విద్యుత్తు తగిలినట్లు తోచినపుడు నిపుణుని పిలువవలెను. ఏ దశలో ఆగినది, ఏ అక్షరములు కనిపించినవి, ఆ వేళకు నీరును విద్యుత్తును ఎట్లున్నవి అను సంగతులు ముందుగా ఫోనులో చెప్పినచో అతడు కావలసిన భాగముతోనే వచ్చును. రెండవమారు రాకపోకల ఖర్చు తప్పును.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగపు 73వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో త్రాగునీరు, గ్రామ విద్యుదీకరణ, పారిశుద్ధ్యము అను మూడును కలవు. ఇంటిలోని యంత్రమునకు కావలసిన నీరు, విద్యుత్తు, మురుగుదారి అను మూడును వీని పరిధిలోనివే. ఒక ఇంటి యంత్రము ఆగినచో అది ఇంటి లోపము కావచ్చును. ఒక వీధిలోని యంత్రములన్నియు ఒకే వేళ ఆగుచున్నచో అది ఊరి లోపము. ఈ తేడాను పసిగట్టుట సభ్యుని పని. తమ వార్డులో ఏ ఇంట, ఏ వేళ, ఏ దశలో యంత్రము ఆగినదో వారము దినములు వ్రాసి చూచినచో సంగతి స్పష్టపడును.

మొదటిది, నీటి వేళలు. నీరు వదలు వేళయు, కట్టు వేళయు నిర్ణయించి చాటింపవలెను. జాడించుటకు కూడ సమయము చాలునట్లు పని మొదలుపెట్టుటకో, మిద్దె తొట్టిలో నీరు పట్టి ఉంచుకొనుటకో ఇంటివారికి వీలగును. కుళాయి గొట్టమునకు నేరుగా మోటారు తగిలించి నీరు లాగుకొనువారి వలన వీధి చివరి ఇండ్లకు ఒత్తిడి చేరదు. దీనిని మొగమాటము లేక అరికట్టవలెను. పైపులైను మరమ్మతు ముగిసిన తరువాత మురికి నీటిని బయటకు వదలి, పిమ్మటనే ఇండ్లకు నీరు పంపవలెను.

నీటి పొదుపు కూడ మరువరాదు. 2019లో ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ మనిషికి రోజునకు 55 లీటర్ల ప్రమాణమును పెట్టినది. నలుగురున్న ఇంటికి ఇది 220 లీటర్లు. పై మూత గల యంత్రము ఒక విడతకు సుమారు 100 లీటర్లు, కొన్నిటిలో అంతకు మించియు వాడును. ప్రతిదినము కొద్ది బట్టలతో నడుపుటకంటె రెండు మూడు దినముల బట్టలు చేర్చి నడుపుట మేలు. నీరు గంటసేపు మాత్రమే వచ్చు గ్రామములలో, చేతితో నీరు పోయుటకు వీలైన రెండు తొట్ల యంత్రమే అనుకూలమని కొనబోవువారికి చెప్పవలెను.

రెండవది, విద్యుత్తు. వోల్టేజి తగ్గిన వేళలను తేదీలతో వ్రాసి విద్యుత్ సంస్థ అధికారులకు పంచాయతీ పక్షమున పంపినచో, ఒక్కొక్కరు చెప్పిన మాటకంటె దానికి బలము కలుగును. లైన్‌మన్ సహాయముతో ఇండ్ల ఎర్తింగును పరీక్షింపజేయుట ప్రాణరక్షణ కార్యము.

మూడవది, మురుగు. ఉతికిన నీరు వీధిలో నిలిచినచో దోమలు పెరుగును. గొట్టపు కొన మునిగి యంత్రమును ఆగును. కాలువలలో పూడిక తీయించి, కాలువ లేనిచోట ఇంకుడు గుంతలు త్రవ్వింపవలెను. గుంతలోనికి పోవుటకు ముందు దారపు నూగును పట్టు జల్లెడ నమర్చినచో గుంత త్వరగా పూడదు. త్రాగునీటి బావులకును బోర్లకును దగ్గరగా ఇట్టి గుంత ఉండరాదు.

నాలుగవది, నీటి పరీక్ష. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండదగును; వేరు నీటి వసతి లేనిచోట 600 వరకు అనుమతింతురు. కాఠిన్యము ఎక్కువైన నీటివలన వేడిచేయు కడ్డీకి సున్నము వంటి పొర పట్టును. పరీక్ష ఫలితమును పంచాయతీ కార్యాలయము గోడపై వ్రాయించినచో, సబ్బుపొడి ఎంత వాడవలెనో, పొరను ఎప్పుడు తొలగింపవలెనో ఇంటివారు నిశ్చయించుకొందురు.

ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడి యున్నవి. ఈ యంత్రముల మంచిచెడ్డలు అనుభవముచే తెలిసిన సభ్యురాండ్రు స్వయంసహాయక సంఘముల సమావేశములలో ఒక పూట ఈ పరీక్షలను చేసి చూపవచ్చును. జల్లెడ కడుగుట, వడపోత తీయుట, కాళ్ళు సరిచేయుట, ప్లగ్గు ఊడదీయుట అను నాలుగు పనులు నేర్చిన ఇల్లాలికి చిన్న అడ్డంకులకై పట్టణము మీద ఆధారపడవలసిన పని యుండదు.

మొదట చెప్పిన ఇంటికి మరల వత్తము. ఆ ఇంటివారు కొత్త భాగమేదియు కొననక్కరలేదు. కుళాయి 7 గంటలకు కట్టుదురని తెలిసినచో, గృహిణి 6 గంటలకే యంత్రమును నడుపును. లేదా జాడించుటకు కావలసిన నీటిని ముందే పట్టి ఉంచుకొనును. ఆ వీధివారందరు కోరినచో పంచాయతీ నీటి వేళను మరి అరగంట పొడిగింపవచ్చును. యంత్రము అడిగినది అంతమాత్రమే. దాని మాటను ఇంటివారు అర్థము చేసికొనవలెను; ఇంటివారి మాటను పంచాయతీ ఆలకింపవలెను.